కౌబాయ్‌గారి ముక్కాలిపీట

మన హీరోగారికి ముసలితనం రాలేదని బహ్రెయిన్ అభిమాన సంఘం సల్మాబాద్ లేబర్ క్యాంపులో సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది. డెబ్బై దాటిన మనిషికి ఆ తీర్మానం దేనికని మీరు అడగరు. మీరూ సినిమాలు చూసేవారే.

అవసరం ట్రైలర్ వల్ల వచ్చిపడింది. హీరోగారు ఈసారి ముసలి కౌబాయ్ వేషం కట్టారు. అందుకు మేకప్‌వాళ్ళు పడిన శ్రమ ఇంతా అంతా కాదు. సొంత తెల్లజుట్టుకి వేసిన నల్లరంగు చెదరకుండా, దాని మీద తెల్లవిగ్గు అతికించారు. అంతవరకూ అభిమానులు ఓర్చుకున్నారు. కాని ట్రైలర్ చివర హీరోగారు గుర్రం ఎక్కబోయి, కాలు లేవక, ముక్కాలిపీట వేయించుకుని ఎక్కారు. మేడ మీంచి గుర్రం మీదికి దూకే మనిషి!

సంఘం గౌరవాధ్యక్షులు గురుమూర్తిగారు పెద్ద ఆఫీసులో ఉద్యోగి. సనాబిస్ నుంచి కారులో వచ్చి మరీ ప్రసంగించారు.

"సోదరులారా, అది గుర్రం పక్కన వేసిన పీట కాదు, మన గుండెల మీద వేసిన పీట. ఆ సీను రాగానే కాగితాలు చల్లి తెర కనబడకుండా చెయ్యడం మన కర్తవ్యం."

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు యువజన విభాగం అధ్యక్షుడు కన్నబాబు. వయసు యాభై ఎనిమిది. హీరోగారు యువకుడిగా ఉన్నన్నాళ్ళూ యువజన విభాగానికి ఎన్నికలు అక్కర్లేదని సంఘం నియమం.

కన్నబాబు గ్యారేజీలో పనిచేస్తాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. కంపెనీ బస్సు మొదటి మెట్టేమో బాగా ఎత్తు. ఫోర్‌మన్ సోమేశ్వరరావు రోజూ తలుపు దగ్గర నిలబడి ఎవరెలా ఎక్కుతున్నారో చూస్తాడు. ఎక్కలేనివాడి కాంట్రాక్టు పొడిగించరు. ఖలాస్. కన్నబాబు కాంట్రాక్టు గడువు దగ్గరపడింది. అందుకని అతని గదిలోనే ఉండే వెంకన్న వెనక నుంచి భుజంతో ఒక తోపు తోస్తాడు. చూసేవాళ్ళకి అది వేళాకోళం.

"ఆయనే పీటేసుకున్నాడు గదా మావా, నువ్వూ ఓటి ఏసుకోరాదా?" అన్నాడు వెంకన్న.

"నోర్ముయ్యెహె. ఆయన ముసలోడైతే నేనూ ముసలోణ్ణే. ఆ ముక్క ఫోర్‌మన్ చెవినపడితే సామాన్ సర్దుకోడమే."

శుక్రవారం సినిమా పడింది. పీట సీను వచ్చింది. హీరోగారు పీట మీద కాలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, టోపీ సర్దుకుని, గుర్రమెక్కారు. వెనక సంగీతం హాలు అదరగొట్టేసింది. అంతే, ఈలలు. తెర కప్పడానికి తెచ్చిన కాగితాలతోనే పీటకి పుష్పాభిషేకం చేశారు.

మరునాడు బస్సు దగ్గర ఎవరి చేతిలో చూసినా పీటే. పెయింటు డబ్బాలు, బోర్లించిన బకెట్లు. పాతికేళ్ళవాళ్ళు కూడా వాటి మీద కాలు పెట్టి, లేని టోపీ సర్దుకుని బస్సెక్కారు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెట్టి అరిచి అలిసిపోయాడు. కన్నబాబు తన గ్రీజు డబ్బా మీద కాలు మోపి, ఎవరి తోపూ లేకుండా ఎక్కాడు. జనం ఫోటోలు తీసుకున్నారు. పీట మన సంస్కృతి అని గురుమూర్తిగారు ఇంకో ప్రసంగం చేసి, తన పొట్టి కారెక్కడానికి కూడా పీట వేసుకుని, నెత్తి బొప్పి కట్టించుకున్నారు.

నెల తిరక్కుండానే హీరోగారి కొత్త సినిమా పోస్టరు వచ్చింది. అందులో ఆయన కాలేజీలో అప్పుడే చేరిన కుర్రాడు. కదిలే బస్సులోకి ఒక్క దూకు దూకుతున్నారు.

సాయంత్రమే అత్యవసర సమావేశం. పీట వృద్ధాప్యాన్ని ప్రోత్సహిస్తోందని గురుమూర్తిగారు కనిపెట్టారు. దాన్ని నిషేధించే తీర్మానం యువజన విభాగమే ప్రవేశపెట్టాలన్నారు.

"వద్దను మావా. కాంట్రాక్టు సంగతి ఎల్లుండే తేలేది," అని వెంకన్న చెవిలో గొణిగాడు.

"హీరోగారి పరువురా," అన్నాడు కన్నబాబు. బల్ల పట్టుకుని లేచి తీర్మానం ప్రవేశపెట్టాడు. ఏకగ్రీవం.

తెల్లారి కుర్రాళ్ళందరూ దూకి ఎక్కారు. వెంకన్న భుజం ఆనించబోతే కన్నబాబు విదిలించుకున్నాడు. "తొయ్యకు. అధ్యక్షుణ్ణి."

దూకాడు. బస్సు మెట్టు సంఘం తీర్మానాన్ని పట్టించుకోలేదు. ఫోర్‌మన్ స్వయంగా వచ్చి లేవదీశాడు, చాలా మర్యాదగా.

విమానం ఎక్కించే ముందు సంఘం కన్నబాబుకి శాలువా కప్పింది. అక్కడే, యువరక్తానికి అవకాశమివ్వాలన్న సదుద్దేశంతో, అరవై రెండేళ్ళ గురుమూర్తిగారిని యువజన విభాగానికి కొత్త అధ్యక్షులుగా ఎన్నుకుంది.

నవ్వకండి. మీ ఊరి యువనాయకుడి వయసెంతని నేనేమైనా అడిగానా?