క్లెగ్ గారి ఏడు ముక్కల టిక్కెట్టు

శుక్రవారం ఉదయం డోరీన్ పికర్స్‌గిల్ చేయాల్సిన పనులు ఇవి. పిల్లి గిన్నెలో రెండు పూటలకు సరిపడా తిండి పెట్టాలి. గుడ్డు శాండ్‌విచ్‌లు నాలుగు చేసి కాగితంలో చుట్టాలి. నీలం టోపీని నలక్కుండా దాని డబ్బాలో పెట్టాలి. పద్నాలుగు రైలు టిక్కెట్లను వరుస తప్పకుండా పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, చేతిసంచిలో దాచాలి. ఆరున్నరకల్లా పక్కింటి సిడ్నీ క్లెగ్ తలుపు కొట్టాలి. మధ్యాహ్నం రెండు గంటల లోపు గ్లోస్టర్ పెద్ద చర్చిలో కుర్చీలో కూర్చోవాలి. ఏడవకూడదు.

వీటిలో చివరిది ఒక్కటే కష్టమని ఆమె అనుకుంది. ఇంగ్లండులో పుట్టి డెబ్బై ఒక్క ఏళ్లుగా అక్కడి రైళ్లెక్కుతున్న మనిషి అలా అనుకోవడం అమాయకత్వమే.

ఆ రోజు ఆ చర్చిలో ఆమె మనవరాలు తామ్సిన్ విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకుంటోంది. స్కెల్బీ ఊళ్లో పికర్స్‌గిల్ వంశం నూలు వడికింది, బొగ్గు మోసింది, బళ్లో పిల్లలకు ముప్పై ఒక్క ఏళ్లు మధ్యాహ్న భోజనం వండింది. పట్టా మాత్రం ఎవరూ పుచ్చుకోలేదు. తామ్సిన్‌ను తొమ్మిదో ఏట నుంచి పెంచింది డోరీన్. లెక్కల్లో ఆ పిల్ల మునిగిపోతుంటే ఒడ్డుకు లాగింది సిడ్నీ. నాలుగేళ్లపాటు ప్రతి మంగళవారం తన వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, బిస్కట్లు పెట్టి నేర్పాడు. అందుకే విశ్వవిద్యాలయం ఇచ్చిన రెండు ఆహ్వానాల్లో ఒకటి నాయనమ్మకు, రెండోది సిడ్నీకి వచ్చింది.

సిడ్నీ నీటి మీటర్ల శాఖలో పనిచేసి రిటైరైనవాడు. ఆ తర్వాత ఆయనకు మిగిలిన ఒకే ఒక వ్యసనం టిక్కెట్లు ముక్కలు చేయడం. స్కెల్బీ నుంచి గ్లోస్టర్‌కు ఒకే టిక్కెట్టు కొంటే తలకు డెబ్బై నాలుగు పౌండ్లు. అదే దారిని ఏడు ముక్కలు చేసి, ఏడు చిన్న టిక్కెట్లు కొంటే ఇరవై ఆరు. రైలు అదే, సీటు అదే, కిటికీలోంచి కనబడే గొర్రెలూ అవే. ఎందుకిలా అని అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. రైళ్లు నడిపేది ఒక కంపెనీ, పెట్టెలు అద్దెకిచ్చేది ఇంకో కంపెనీ, పట్టాలు చూసుకునేది మరొకరు. ఆలస్యానికి క్షమాపణ చెప్పేది రికార్డు చేసిన గొంతు.

"పదకొండేళ్లయింది నేను ముక్క చేయని టిక్కెట్టు కొని," అనేవాడు సిడ్నీ. తాగుడు మానేసినవాళ్లు చెప్పుకొనేంత గర్వం ఉండేది ఆ మాటలో. ఈ ప్రయాణానికి నాలుగు సాయంత్రాలు కష్టపడ్డాడు. టిక్కెట్లు మాత్రం డోరీన్ సంచిలో ఉండాలని ఆయనే పట్టుబట్టాడు. కిందటేడు ఒక కట్టను ప్యాంటు జేబులో మరిచి ఉతికేశాడు. "ప్రాణం పోయినా చేతిలోంచి వదలకు," అని ఆమెకు మూడుసార్లు చెప్పాడు.

ఏడు గంటల పన్నెండు నిమిషాల రైలు రద్దయింది. కారణం డ్రైవరు లేకపోవడం. ఇరవై ఎనిమిది నిమిషాల తర్వాత అదే పట్టాల మీద, అదే వైపుకు వేరే కంపెనీ రైలు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. టిక్కెట్లు చూసే అతను కట్ట విప్పి, పేకముక్కల్లా పరిచి, చాలాసేపు చూశాడు. ఇవి ఆ కంపెనీ రైలుకే చెల్లుతాయని, ఆ రైలు రద్దయింది కాబట్టి ఇందులో చెల్లవచ్చని, కానీ చెల్లుతాయని ఆ కంపెనీ చెప్పాలని వివరించాడు.

"ఆ కంపెనీవాళ్లు ఎక్కడున్నారు నాయనా?" అని అడిగింది డోరీన్.

"మార్ల్‌బీ జంక్షన్‌లో ఉండేవాళ్లండీ. కిందటేడు టిక్కెట్ల గది మూసేశారు. ఇప్పుడక్కడ ఒక స్తంభం ఉంది. బటన్ నొక్కి అడగండి."

మార్ల్‌బీలో వాళ్లు ఎలాగూ రైలు మారాలి. పది గంటల ఐదు నిమిషాలకు దిగారు. గ్లోస్టర్ రైలు పదీ ముప్పై ఐదుకు. రెండో ప్లాట్‌ఫారం చివర, పసుపు రంగు వేసిన స్తంభం ఒకటి సహాయం అని రాసుకుని నిలబడి ఉంది. సిడ్నీ టీ తేవడానికి వంతెన దాటి వెళ్లాడు. డోరీన్ బటన్ నొక్కింది.

"మీ కాల్ మాకు ముఖ్యం," అంది స్తంభం. "క్యూలో మీ స్థానం, ఒకటి."

తరువాత పియానో సంగీతం వచ్చింది. డోరీన్ టోపీ డబ్బాను కాళ్ల దగ్గర పెట్టుకుని, చేతిసంచిని గుండెకు ఆనించుకుని నిలబడింది. ఆ నిలబడడంలో ఒక పద్ధతి ఉంది, ఒక నమ్మకం ఉంది. దూరం నుంచి చూసిన వాళ్లకు ఆమె దేనికో వేచి ఉందని, ఆ వేచి ఉండడం సబబేనని అనిపిస్తుంది. రెండు నిమిషాలకు బ్రీఫ్‌కేసు ఉన్న ఒకాయన వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆయన పోవలసింది నాటింగమ్‌కు. ఆయన వెనక గొడుగుతో ఒకావిడ, ఆవిడ వెనక తల్లిని రైలెక్కించి వెనక్కి పోతున్న ఒక కుర్రజంట.

ఆ దేశంలో క్యూ కనబడితే ఎందుకని అడగరు. అడిగితే తమకు తెలియదని నలుగురికీ తెలిసిపోతుంది. తెలియకుండా నిలబడితే పోయేదేమీ లేదు, నిలబడకపోతే మాత్రం తర్వాత ఎక్కడో చివర నిలబడాలి. "ముందున్నవాళ్లకి తెలిసే ఉంటుందిలెండి," అన్నాడు నాటింగమ్ ఆయన గొడుగావిడతో. గొడుగావిడ అదే మాటను వెనక్కి అందించింది. పదీ పావుకల్లా పంతొమ్మిది మంది అయ్యారు.

సిడ్నీ రెండు కప్పుల టీతో వంతెన దిగి వచ్చాడు. తిన్నగా డోరీన్ దగ్గరికి నడవబోతుంటే గొడుగావిడ దగ్గింది. ఆ దగ్గుకు ఇంగ్లండులో పోలీసు ఈల కన్నా విలువెక్కువ.

"ముందున్నావిడ నాతో వచ్చిందండీ," అన్నాడు సిడ్నీ.

"అందరూ అలాగే అంటారు," అంది గొడుగావిడ.

సిడ్నీ జీవితంలో ఒక్కసారి కూడా క్యూ దాటినవాడు కాడు. తలొంచుకుని చివరకు వెళ్లి నిలబడ్డాడు. డోరీన్ టీని ముందున్నాయనకు ఇచ్చాడు. ఆయన తన ముందువాళ్లకు ఇచ్చాడు. అలా పంతొమ్మిది చేతులు మారి, చుక్క కూడా తొణకకుండా టీ డోరీన్‌ను చేరింది. అదే దారిలో ఒక గుడ్డు శాండ్‌విచ్ వెనక్కి వచ్చింది. తన ఏడు టిక్కెట్లు కూడా పంపమని సిడ్నీ కబురు పెట్టాడు. ప్రాణం పోయినా వదలొద్దని నువ్వేగా చెప్పావు అని జవాబు వచ్చింది. ఆ జవాబు అంతమంది నోళ్లు మారి వచ్చేసరికి వెనకున్నవాళ్లంతా చేతిసంచులు గట్టిగా పట్టుకున్నారు.

ఇక్కడికి ఎనభై మైళ్ల దూరంలో ఒక గదిలో, కెమెరా తెరల ముందు కంపెనీ ఉద్యోగి ఒకడు కూర్చుని ఉన్నాడు. అతనికి మార్ల్‌బీలో ముప్పై మంది బారుగా నిలబడి కనిపించారు. నోటీసు లేకుండా అంతమంది క్యూ కట్టరు కాబట్టి ఏదో రైలు రద్దయిందని, ఆ కబురు తనకు రాలేదని అనుకున్నాడు. కబురు రాకపోవడం అతనికి అలవాటే. ప్లాట్‌ఫారం మీద జనం ఎక్కువగా ఉన్నప్పుడు రైలు ఆపితే ప్రమాదమని నియమావళిలో ఉంది. కాసేపట్లో పైనుంచి గొంతు వినబడింది. రద్దీ కారణంగా రెండో ప్లాట్‌ఫారంలో రైళ్లు ఆగవని, అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పింది.

పదీ ముప్పై ఐదు రైలు కూత పెట్టుకుంటూ దూసుకుపోయింది. పదకొండూ ఐదు రైలు దాని వెనకే పోయింది. రెండింటిలోనూ కిటికీల పక్కన ఖాళీ సీట్లున్నాయి. క్యూలో ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకుని, ముందే వచ్చి నిలబడడం ఎంత మంచిదైందో అన్నట్టు తలలూపారు. క్యూ ఇంకా పెరిగింది. ఖాళీ కప్పు పారేయడానికి పక్కకెళ్లిన సిడ్నీ తిరిగొచ్చి మళ్లీ చివరనే నిలబడ్డాడు. డోరీన్ మాత్రం గడియారం చూస్తోంది. తామ్సిన్ ఇంటిపేరు ప అక్షరంతో మొదలవుతుంది, మధ్యలో ఎక్కడో పిలుస్తారు. రెండున్నర వరకూ ఆశ ఉంది. స్తంభంలోని పియానో పాట తొమ్మిదోసారి మొదలైంది.

పదకొండూ యాభైకి స్టేషను బయట కంపెనీ పంపిన అద్దె బస్సొకటి వచ్చి ఆగింది. డ్రైవరు మల్కీత్ సింగ్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, చేతిలో కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు చెప్పింది ఒక్కటే. మార్ల్‌బీలో క్యూ ఉంది, తీసుకెళ్లు అన్నారు. ఎక్కడికో రాయలేదు. ఇక్కడ మొదటి మనిషెవరు?"

అందరూ డోరీన్‌ను చూశారు.

"నేను గ్లోస్టర్ పోవాలి నాయనా," అంది డోరీన్. "రెండింటికల్లా, పెద్ద చర్చికి. నా మనవరాలికి పట్టా ఇస్తున్నారు. వీళ్లెక్కడికో నాకు తెలీదు. ఓసారి అడుగు పాపం."

మల్కీత్ సింగ్ గొంతెత్తి, గ్లోస్టర్ అంటే ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు. నాటింగమ్ సరిగ్గా వ్యతిరేక దిక్కులో ఉంది. బ్రీఫ్‌కేసాయన తన బూట్ల వంక చూసుకున్నాడు. అంతమందిలో చేయెత్తి కాదనడం కన్నా గ్లోస్టర్ పోవడమే నయమని ఆయనకు తోచింది. కుర్రజంట అసలు ఎక్కడికీ పోనక్కర్లేదు, వాళ్ల కారు బయటే ఉంది. అయినా గంటన్నర నిలబడ్డాక వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. క్యూ కదిలింది.

బస్సులో సీట్లు యాభై మూడు. యాభై నాలుగో మనిషి సిడ్నీ.

డోరీన్ సంగతి అర్థమై, తలుపు దగ్గరికి వచ్చింది. "నేను దిగిపోతా. నువ్వు లేకుండా నాకెందుకు," అంది.

"దిగితే మళ్లీ నా వెనక నిలబడాలి," అన్నాడు సిడ్నీ. "ఆ పిల్ల పేరు పిలిచినప్పుడు మనవాళ్లు ఒక్కరైనా ఉండాలి డోరీన్. నువ్వు పో. నా వంతు చప్పట్లు కూడా నువ్వే కొట్టు."

ఆమె తల ఊపింది. టిక్కెట్లన్నీ చేతిసంచిలోనే ఉన్నాయని ఇద్దరికీ గుర్తొచ్చేసరికి బస్సు మలుపు తిరిగింది.

రెండుకు పది నిమిషాల ముందు మల్కీత్ సింగ్ బస్సును చర్చి గుమ్మం దగ్గరే ఆపాడు. డోరీన్ దిగి టోపీ పెట్టుకుని నడిచింది. మిగతా యాభై ఇద్దరికీ ఆ ఊరు కొత్త. ముందున్నావిడ ఎటు పోతే అటు పోవడం ఉదయం నుంచీ అలవాటైపోయింది. వరుస చెదరకుండా ఆమె వెనకే నడిచారు. గుమ్మం దగ్గర నల్లగౌను వేసుకున్న పెద్దమనిషి డోరీన్ ఆహ్వానం చూసి లోపలికి పంపాడు. తర్వాత బ్రీఫ్‌కేసాయన్ను ఆపాడు.

"తమరు?"

"నేను ఆవిడ వెనకండీ," అన్నాడాయన నిజాయితీగా.

మిగతావాళ్లూ అదే చెప్పారు. పెద్దమనిషి లోపలికి తొంగిచూశాడు. ఆ రోజు సగం కుటుంబాలు ఎక్కడెక్కడో రైళ్లలో చిక్కుపడి ఉన్నాయి. కుర్చీలు వరుసలకు వరుసలు బోసిగా ఉన్నాయి. వైస్ ఛాన్సలర్ ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఇదే మర్యాదని ఆయన తలుపు బార్లా తెరిచాడు.

డోరీన్ తన పక్క కుర్చీలో టోపీ డబ్బా పెట్టింది. అది ఒకరి కోసం ఉంచిన చోటని చెప్పకుండానే తెలిసింది. యాభై ఇద్దరిలో ఒక్కరూ దాని జోలికి పోలేదు.

తామ్సిన్ పికర్స్‌గిల్ అని పిలిచారు. గౌను అంచు తొక్కకుండా జాగ్రత్తగా మెట్లెక్కుతున్న ఆ పిల్ల, నాయనమ్మ, క్లెగ్ తాతయ్య కలిసి కొట్టే రెండు జతల చప్పట్ల కోసం చెవులు రిక్కించింది. చర్చి కప్పు అదిరింది. గొడుగావిడ గొడుగును నేలకేసి కొట్టింది, కుర్రజంట లేచి నిలబడింది. నాటింగమ్ ఆయన ఈల వేశాడు, ఆ తర్వాత జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ఆయన్ను చూసి డోరీన్ కూడా ఏడ్చింది. ఉదయం రాసుకున్న పనుల్లో అదొక్కటే తప్పింది.

మార్ల్‌బీలో క్యూ పోగానే కెమెరాలో ప్లాట్‌ఫారం ఖాళీగా కనిపించింది. రైళ్లు మళ్లీ ఆగసాగాయి. రద్దీ సంగతి విచారించడానికి కంపెనీ ఒక ఇన్‌స్పెక్టరును పంపింది. స్టేషనులో ఆ ఏడాది అడుగు పెట్టిన మొదటి ఉద్యోగి అతనే. అక్కడున్న ఒకే ఒక ప్రయాణికుణ్ణి టిక్కెట్టు చూపించమన్నాడు. సిడ్నీ ఏడు టిక్కెట్లున్నాయని, అవి ఒకావిడ సంచిలో ఉన్నాయని, ఆవిడ బస్సులో ఉందని, ఆ బస్సు వాళ్లే పంపారని చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా అంతా విని జరిమానా రాశాడు. ఆ పైన గ్లోస్టర్‌కు ఒకే ముక్క టిక్కెట్టు, పూర్తి ధరకు, సిడ్నీ చేత కొనిపించాడు.

సిడ్నీ ఐదు గంటలకు చర్చి చేరాడు. లోపల కుర్చీలు మడుస్తున్నారు. బయట మెట్ల మీద తామ్సిన్ గౌను విప్పకుండా కూర్చుని ఉంది. పక్కన డోరీన్, ఆమె టోపీ డబ్బా, దాని మీద మిగిలిన శాండ్‌విచ్. తామ్సిన్ లేచి తన పట్టా చూపించింది. సిడ్నీ జేబులోంచి తన టిక్కెట్టు తీసి చూపించాడు.

"చూడమ్మా. ఒకే ముక్క," అన్నాడు.

కంపెనీ లెక్కల ప్రకారం ఆ నెలలో ప్రయాణికులను అనుకున్న వేళకు గమ్యం చేర్చింది ఒక్క మల్కీత్ సింగ్ బస్సే. ఆ లెక్క చూపించి ఛార్జీలు మళ్లీ పెంచారు. మీరెప్పుడైనా మార్ల్‌బీ జంక్షన్ మీదుగా వెళ్తే, రెండో ప్లాట్‌ఫారం చివరి పసుపు స్తంభాన్ని చూసి సిడ్నీ క్లెగ్‌ను ఒకసారి తలుచుకోండి. జరిమానా రద్దు చేయమని ఆయన అడుగుతూనే ఉన్నాడు, క్యూలో ఆయన స్థానం, ఒకటి.