ఆకుపచ్చ దారం గుండీ

ఆ సోమవారం టెక్నీషియన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్లడం, రేడియేషన్ భద్రతాధికారి పదవి ఉత్తర్వు అందుకోవడం, ఇంటికి ఫోన్ చేసి చెప్పడం. ఇరవై ఏళ్లుగా రోగులకు అణుధార్మిక మందు ఎక్కించి స్కాన్లు తీస్తున్న మనిషి ఆ పదవి కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

ఉత్తర్వుకు బదులు ఇంకో కాగితం వచ్చింది. ఒంటికి సోకిన రేడియేషన్‌ను కొలిచే కోటు బ్యాడ్జీ, గత నెలలో మామూలుకు ఆరింతలు చూపింది. విచారణ అయ్యేదాకా మందుల గదిలో అడుగు పెట్టొద్దని, పదవి సంగతి తర్వాత చూద్దామని డాక్టరు గారు అన్నారు.

భార్యకు చెప్పాడు. ఆమె తల్లికి చెప్పింది. అక్కడితో విషయం అతని చేయి దాటిపోయింది. సాయంత్రానికి అతని కంచం, కుర్చీ, సబ్బు బాల్కనీ చేరాయి. అది అంటుకునే జబ్బు కాదంటే అత్తగారు వినలేదు.

"నెల కిందట నేనూ ఆ మిషన్ మీద పడుకున్నాను బాబూ, నాకేమైనా అయిందా? నీకే ఎందుకొచ్చింది?"

మూడో రోజుకు పక్కింటావిడ అతను ఎక్కిన లిఫ్టు ఎక్కడం మానేసింది.

విచారణలో, కొలతలు చూసే ఫిజిసిస్టుకు ఒక సందేహం వచ్చింది. అతని వేలి ఉంగరంలోని బ్యాడ్జీ మామూలుగానే ఉంది. మందు పట్టుకునే వేళ్లకు తగలనిది ఛాతీకెలా తగులుతుంది? ఆమె అతని తెల్లకోటు తిరగేసింది.

"ఈ గుండీకి ఆకుపచ్చ దారమేంటి?"

"మా అత్తగారు కుట్టారండీ. ఓ రోజు హడావిడిలో కోటుతోనే ఇంటికెళ్లిపోయాను."

"బ్యాడ్జీతో సహానా? ఏ రోజు?"

"ఆవిడకి ఎముకల స్కాన్ చేయించి తీసుకెళ్లిన..." అని సగంలో ఆగిపోయాడు.

ఒంటినిండా మందుతో ఇల్లు చేరిన అత్తగారు ఆ కోటును ఒళ్లో పెట్టుకుని ఊడిన గుండీ కుట్టి, దాన్ని అలాగే హత్తుకుని సాయంత్రం దాకా కునుకు తీశారు. బ్యాడ్జీ శ్రద్ధగా ఆవిడను కొలిచింది. గదిలో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. అతనికి గుండెల మీది బరువు దిగింది, ఆవిడ మీద కోపం రాకపోగా ప్రేమే పుట్టింది.

పదవి వచ్చింది. బ్యాడ్జీ ఇంటికి తీసుకెళ్లినవాళ్లకు మెమో ఇవ్వడం భద్రతాధికారి బాధ్యత కనుక, తొలి మెమో తనకే రాసుకుని, సంతకం చేసి అందుకున్నాడు.

ఇంట్లో అంతా విన్నాక అత్తగారు బాల్కనీ వైపు చూశారు.

"అయితే బాల్కనీలో కూర్చోవలసింది నేనా?"

ఆ మందు రెండు రోజులకే పోయిందని, భయం లేదని అతను నచ్చజెప్పాడు. ఆవిడ లేచి అతని కంచం, కుర్చీ లోపలికి తెచ్చారు.

సబ్బు మాత్రం ఇంకా బాల్కనీలోనే ఉంది.