రెండు నిమిషాల చీకటి

మా కర్మాగారం ఉద్యోగుల ఫిల్మ్ సొసైటీ 1984వ సంవత్సరంలో యాభై రెండు శనివారాలకు యాభై రెండు ప్రపంచ ఉత్తమ చిత్రాలను చూసి ముగించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. గాజువాక దాటాక వచ్చే మా కాలనీలో కళకు ఇంత ఆదరణ ఉందని అంతకుముందు ఎవరికీ తెలియదు. ఆదరణకు కారణం కూడా దాచను. ఫిల్మ్ సొసైటీలకు వచ్చే విదేశీ చిత్రాలకు సెన్సారు కత్తెర పడదని ఎవరో చెప్పారు. ఆ వారంలోనే సభ్యుల సంఖ్య పదకొండు నుంచి రెండు వందల పధ్నాలుగుకు పెరిగింది.

గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పెద్ద ఉద్యోగంలో స్థిరపడ్డ నరసింహమూర్తిగారు కాలనీ క్లబ్బుకూ, అందులో నడిచే ఈ సొసైటీకీ కార్యదర్శి. కళ ఎంత ముఖ్యమో కుటుంబ గౌరవమూ అంతే ముఖ్యమని ఆయన నమ్మకం. అందుచేత ప్రొజెక్టరు నడిపే పైడయ్యకు ఒక ఉత్తర్వు జారీ చేశారు: సంసారులు చూడకూడని దృశ్యం వస్తే లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టవలెను. ఏది చూడకూడనిదో అందులో రాయలేదు. అందరికీ తెలిసినదాన్ని రాయడం దేనికని వదిలేశారు.

పైడయ్య తొమ్మిదేళ్ళుగా క్లబ్బులో టెంపరరీ. అతన్ని పర్మనెంటు చేసే కాగితం మూడేళ్ళుగా కార్యదర్శిగారి బల్లమీద పేపర్‌వెయిట్ కింద విశ్రాంతి తీసుకుంటోంది. ఏడాది చిత్రోత్సవం సవ్యంగా పూర్తయితే సంతకం పెడతానని ఆయన మాటిచ్చారు. పైడయ్య జ్వరంతో కూడా ఒక్క శనివారం మానలేదు.

యాభై ఒక్క వారాలు ఆ చేతికి పని పడలేదు. బురదలో నడిచే రైతులు, వానలో నడిచే రైతులు, ఎందుకు నడుస్తున్నారో చెప్పని రైతులు. సభ్యులు ఆశ చంపుకోలేక వచ్చి, మొదటి రీల్లోనే నిద్రపోయి, ముందువరసలో గురక పెట్టడం కూడా ఒక రకమైన ప్రశంసే అన్నట్టు ప్రవర్తించారు. మొత్తం చూసినవాడు పైడయ్య ఒక్కడే. లెన్సు పక్కన మేలుకుని ఉండడం అతని డ్యూటీ.

యాభై రెండో చిత్రం ఏదో చలిదేశానిది. అందులో ముద్దు వచ్చింది. చెయ్యి రాలేదు! కార్యదర్శిగారు అప్పుడే కళ్ళజోడు తుడుచుకోబోయి, విరమించుకున్నారు. ఆ తర్వాత మూడో రీల్లో తెర హఠాత్తుగా చీకటైపోయింది. రెండు నిమిషాలు. చీకట్లో ఏదో చప్పుడు, ఒక మూలుగు, మళ్ళీ నిశ్శబ్దం.

ముద్దునే వదిలేసినవాడు చెయ్యి అడ్డం పెట్టాడంటే అది ఇంకెంత దృశ్యమై ఉండాలి! వారం రోజులు క్యాంటీన్లో వేరే మాట లేదు. సంవత్సరాంతపు ఓటింగులో ఆ చిత్రమే ఏకగ్రీవంగా ప్రథమ స్థానం పొందింది. "చూడని దృశ్యంతోనే మన హృదయాలను దోచిన ఈ మహాకావ్యాన్ని అసంపూర్తిగా వదిలేయడం దర్శకుడికి ద్రోహం, కళకు ద్రోహం!" అని కార్యదర్శిగారు ఉపన్యసించారు. మద్రాసు తిరిగి వెళ్ళాల్సిన రీళ్ళ రేకు డబ్బాలను ఆపి, చెయ్యి లేకుండా ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆడవాళ్ళకు ప్రవేశం లేదన్నారు గానీ, కార్యదర్శిగారి భార్య భ్రమరాంబగారు వచ్చి కూర్చున్నారు. ఆవిడను లెమ్మనే ధైర్యం ఎవరికీ లేదు.

మూడో రీలు వచ్చింది. ఒక ముసలి నౌకరు రోజంతా కట్టెలు కొట్టి, కాళ్ళు పీకుతుంటే యజమాని కుర్చీలో కూర్చున్నాడు. యజమాని వచ్చి చెంప పగలగొట్టాడు. ముసలివాడు లేచి, తను కూర్చున్న చోటు తన తువ్వాలుతోనే తుడిచాడు. రీలు ముందుకెళ్ళిపోయింది.

"ఇంతేనా?" అని రెండు వందల గొంతులు లేచాయి. పైడయ్యను అక్కడికక్కడే విచారించారు.

"ముద్దుకు ఎందుకు అడ్డం పెట్టలేదు?"

"ఆలూ మొగుడూ గదా బాబూ. మొదటి రీల్లోనే పెళ్ళయిపోనాది, నాను సూసినాను."

"మరి దీనికెందుకు పెట్టావ్?"

"సంసారులు సూడకూడందన్నారు గదా. పెద్దోణ్ణి కుర్సీలో కూకున్నాడని కొట్టేసినాడు. ఇంతకన్నా సిగ్గుమాలిందేటుంది బాబూ? ఆడోళ్ళు ఎలా సూత్తారు?"

భ్రమరాంబగారు భర్త వైపు తిరిగి మామూలు గొంతుతోనే అన్నారు. "మొన్న తోటమాలి చలమయ్య మన పడక్కుర్చీలో కూర్చుంటే మీరూ ఇలాగే కదండీ."

విచారణ నివేదిక మరుసటి వారం వెలువడింది. పైడయ్య మూసిన దృశ్యం ప్రతి గౌరవనీయ కుటుంబంలోనూ జరిగేదే కాబట్టి అభ్యంతరకరం కాదనీ, మూయని దృశ్యం ఏ గౌరవనీయ కుటుంబంలోనూ నలుగురి ఎదుట జరగదు కాబట్టి అభ్యంతరకరమనీ తేల్చారు. రెండింటి తేడా తెలియనివాడు పర్మనెంటుకు అనర్హుడు. కార్యదర్శిగారు పేపర్‌వెయిట్ ఎత్తి, మూడేళ్ళ తర్వాత ఆ కాగితం మీద సంతకం పెట్టారు, 'తిరస్కరించడమైనది' అన్న మాట కింద. పైడయ్య ఆ కాగితం అందుకుని, కార్యదర్శిగారి ఎదుట ఖాళీగా ఉన్న కుర్చీని ఒకసారి చూసి, నిలబడే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అతనిప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. కనుక్కోలేదు. ఈ ఉదంతాన్ని ఇప్పటికి చాలామందికి చెప్పాను. చదువుకున్నవాళ్ళు, సంస్కారం ఉన్నవాళ్ళు, మీలాంటివాళ్ళే. అందరూ చివరిదాకా శ్రద్ధగా విని, ఒకే ప్రశ్న అడిగారు, ఆ ముద్దు ఎంతసేపు ఉందని.