అభివృద్ధిలో మురుగు విలీనం

“ఈ రోజు నుంచి మన నగరంలో మురుగు లేదు!” అని పురపాలక మంత్రిగారు ప్రకటించారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు ముక్కుకు కట్టుకున్న రుమాళ్ళు విప్పి పక్కన పెట్టి మరీ కొట్టారు.

ఇంత ఘనకార్యం ఒక్క బటన్ నొక్కుడుతో జరిగిపోయింది. నొక్కిన వేలు శాఖ వెబ్‌సైటు ఆపరేటరుది. ఆ వేలి సంగతి చెప్పకుండా మంత్రిగారిని పొగిడితే పాపం తగులుతుంది. కాబట్టి ముందు అది చెప్పుకుందాం.

శాఖకు ఒక బ్లాగు ఉంది. పేరు ‘మీ గోడు’. జనం ఫోటో తీసి, నాలుగు ముక్కలు రాసి పంపుతారు. ఆపరేటరు దాన్ని పోస్టుగా పెట్టి కింద ఒక ట్యాగు తగిలిస్తాడు. కొట్లో డబ్బాలకు చీటీలు అంటించినట్టే. చెత్త గోడుకు ‘చెత్త’, గుంతల గోడుకు ‘గుంతలు’. చీటీ మీద నొక్కితే ఆ రకం గోడులన్నీ బారులు తీరి కనబడతాయి. ఆపరేటరు ఈ పని కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. వచ్చిన ప్రతి మంత్రీ పర్మనెంటు చేస్తానన్నాడు. ఆ అనడం ఒక్కటే ఇప్పటిదాకా పర్మనెంటుగా ఉంది.

పేజీకి కుడిపక్కన ట్యాగులన్నీ గుంపుగా ఉంటాయి. ఏ ట్యాగు ఎక్కువ వాడితే దాని అక్షరాలు అంత పెద్దవవుతాయి. ఎవరూ పెంచక్కర్లేదు, యంత్రమే పెంచుతుంది. గుంపు పక్కనే చిరునవ్వుతో మంత్రిగారి ఫోటో. ‘మురుగు’ అలా పెరిగి పెరిగి ఒకనాటికి మంత్రిగారి తలకాయంత అయింది.

ఆపరేటరుకు పిలుపొచ్చింది. వెళ్ళేసరికి సెక్రటరీగారు గోడకు ఆనుకుని, గోడలో కలిసిపోయే ప్రయత్నంలో ఉన్నారు.

“ఏంటయ్యా ఇది? నా మొహం పక్కన మురుగేంటి?” అన్నారు మంత్రిగారు.

“జనం పంపిన పోస్టులు సార్...”

“జనం వంద పంపుతారు. దీన్ని ఇంత లావు ఎందుకు రాశావ్?”

“నేను రాయలేదు సార్. ఎక్కువైతే దానంతటదే లావవుతుంది.”

“సరే, చిన్నది చెయ్యి.”

“చిన్నదవ్వాలంటే గోడులు తగ్గాలి సార్. గోడులు తగ్గాలంటే కాలవలు బాగుచెయ్యాలి.”

సెక్రటరీగారు గోడలోంచి బయటికొచ్చి, “కాంట్రాక్టు మనిషి సార్, మాట తీరు తెలీదు” అని సర్దిచెప్పారు.

“పీకి పారెయ్ ఆ ట్యాగుని.”

“పీకేస్తే పోస్టులన్నీ దిక్కులేనివైపోతాయి సార్. మొదటి పేజీ మీదకొచ్చి కూర్చుంటాయి.”

“మరేం చేద్దామంటావ్?”

ఇక్కడే ఆపరేటరు నోరు జారాడు. “ఒక ట్యాగుని ఇంకో ట్యాగులో విలీనం చెయ్యొచ్చు సార్. పోస్టులన్నీ రెండోదాని కిందకి వెళ్ళిపోతాయి. మొదటి పేరు ఇక ఎక్కడా ఉండదు.”

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. ఆయన మూడు పార్టీలు మారి వచ్చిన మనిషి. విలీనం ఆయనకు కొట్టినపిండి.

“అభివృద్ధి అని ట్యాగు ఉందా?”

“ఉంది సార్. దాని కింద ఒకే పోస్టు. మీ పుట్టినరోజుది.”

“అందులో కలిపెయ్.”

“కలిపాక మళ్ళీ విడదీయలేం సార్. ఏది మురుగో ఏది అభివృద్ధో యంత్రానికి తెలీదు.”

“మనకి తెలుసా ఏంటి?” అన్నారు మంత్రిగారు. సెక్రటరీగారు విరగబడి నవ్వారు. నవ్వు ఆగాక మంత్రిగారు మెత్తగా అడిగారు. “ఇంతకీ ఇతని పర్మనెంటు ఫైలు ఎక్కడ పెట్టారు?”

ఆపరేటరు ఆ సాయంత్రం ఇంటికి ఇటుకల మీద కాలు వేసుకుంటూ వెళ్ళాడు. సందు మొదట్లో మురుగు గొట్టం పగిలి నెలలు గడిచాయి. అందులోంచి కారే నీళ్ళు సందంతా తిరిగి అతని ముందుగదిలోకి వచ్చి ఆగుతాయి. పాప మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. పాపకు ఒక జ్వరం తగ్గకుండానే ఇంకోటి పట్టుకుంటోంది. ఇంకో వాన పడితే ఆ గదిలో ఉంచొద్దని డాక్టరు చెప్పాడు. ఉన్నదే ఆ గది.

“నేను పెట్టిన పోస్టు ఏమైంది?” అని భార్య అడిగింది. ఆవిడ కూడా ‘మీ గోడు’కు ఫోటో పంపింది. నీళ్ళ మధ్య మంచం, మంచం మీద పాప.

“వరసలో ఉంది.”

“అందరూ ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుంటారు. మీరు మీ శాఖనే తెచ్చి నట్టింట్లో పెట్టారు. మొగుడు మురుగు శాఖలో ఉన్నాడని మా అక్కకి చెప్పుకున్నాను, నా నోటికి బుద్ధి లేక.”

“పర్మనెంటు చేస్తామన్నారే. అయితే ఇల్లే మారిపోదాం.”

“ఎవరన్నారు?”

“మంత్రిగారు.”

“ఆహా, అయితే ఇంకో నాలుగు ఇటుకలు తెప్పించండి” అంది భార్య.

మర్నాడు ఆపరేటరు బటన్ నొక్కాడు. భార్య పోస్టుతో సహా మురుగంతా అభివృద్ధిలో కలిసిపోయింది. ఆ మధ్యాహ్నమే మొదట చెప్పుకున్న ప్రకటన, చప్పట్లు. వెబ్‌సైటులో ‘అభివృద్ధి’ ఎంత బలిసిందంటే మంత్రిగారి ఫోటో పేజీ అడుక్కి జారిపోయింది. అంత వినయం ఏ నాయకుడిలో చూస్తాం?

మంత్రిగారు రుచి మరిగారు. వారం తిరిగేలోపు చెత్త, గుంతలు, వెలగని దీపాలు వరసపెట్టి అభివృద్ధిలో చేరాయి.

అయితే ఆ ఆఫీసులో ఒక పాత ఏర్పాటు ఉంది. ‘అభివృద్ధి’ ట్యాగు పడిన పోస్టు ఏదైనా సరే నేరుగా మంత్రిగారి ప్రారంభోత్సవాల డైరీలోకి ఎక్కుతుంది. అన్నాళ్ళూ ఒక్క పుట్టినరోజే ఉండటంతో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు డైరీ నిండి పొర్లింది.

“సార్, మనం ఇంత చేశామా?” అన్నారు సెక్రటరీగారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

“చేసుకుంటూ పోయాం, వెనక్కి తిరిగి చూసుకోలేదు” అన్నారు మంత్రిగారు. కత్తెర తెప్పించారు.

రోడ్డు మధ్య గోతికి రిబ్బను కట్టి ‘భూగర్భ దర్శన కేంద్రం’గా ప్రారంభించారు. దీపాలు వెలగని వీధికి ‘నక్షత్ర వీక్షణ మార్గం’ అని పేరు పెట్టారు. చెత్తగుట్ట ఎక్కి మొక్క నాటారు. మొక్క బతికింది. చెత్త కూడా బతికింది.

ఆపరేటరు సందు వంతు వచ్చింది. సెక్రటరీగారు ఫోటో చూసి, “నీళ్ళున్నాయి, ఇల్లుంది, పాప నవ్వుతోంది” అన్నారు. ‘ఇంటింటా నిత్యధార’ అని పథకం పేరు ఖాయమైంది. మంత్రిగారు నీళ్ళలో వేసిన చెక్కల మీద నడిచొచ్చి, గుమ్మంలో రిబ్బను కత్తిరించారు. గోడకు రాతిపలక బిగించారు.

భార్య అడ్డంగా నిలబడింది. “అయ్యా, ఇది మురుగండీ.”

“మా శాఖలో ఆ పేరుతో ఏమీ లేదమ్మా. కావాలంటే చూసుకో.”

సెక్రటరీగారు ఫోనులో వెబ్‌సైటు తెరిచి, ‘మురుగు’ అని కొట్టి చూపించారు. ‘ఏ పోస్టులూ దొరకలేదు’ అని వచ్చింది.

“ఫోనులో దొరకలేదు సరే. కిందకి చూడండి, మీ చెప్పులకి దొరికింది” అంది భార్య. ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే నవ్వమన్నాడు. అందరూ నవ్వారు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. మర్నాడే తాపీమేస్త్రీని పిలిపించి, పగిలిన గొట్టం దగ్గర తవ్వించబోయింది. కానిస్టేబులు సైకిలు దిగాడు.

“ఏం చేస్తున్నారు?”

“కారేది ఆపుతున్నాం.”

“నిత్యధారని ఆపుతారా? మంత్రిగారు ప్రారంభించింది తవ్వితే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కేసు అవుతుంది. తెలుసా?”

“నాకు పిల్లలున్నారమ్మా” అని మేస్త్రీ గునపం భుజాన వేసుకున్నాడు.

“నాకూ ఉంది. చూడు, అదిగో మంచం మీద” అంది భార్య. మేస్త్రీ చూడకుండా వెళ్ళిపోయాడు.

శాఖ చెయ్యలేని పని ఎండ చేసింది. ఊళ్ళో కుళాయిలు ఎండిపోయాయి. ఎవరి ఇంట్లోనూ నీళ్ళు లేవు గనక కాలవలోకి వదిలేవాళ్ళూ లేరు. గొట్టం కారడం మానేసింది. సందు ఆరింది, ముందుగది ఆరింది. భార్య నేల రెండుసార్లు తుడిచి, మంచం కింద ఇటుకలు లాగేసింది. పాపకు జ్వరం దిగింది. నేల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుని, గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మలు వేసింది.

ఆ మర్నాడు ఆఫీసులో సెక్రటరీగారు ఆపరేటరును కౌగిలించుకున్నారు. పర్మనెంటు ఉత్తర్వు చేతిలో పెట్టారు. హోదా, నిత్యధార పర్యవేక్షకుడు.

“నాలుగు దేశాల ప్రతినిధులు రేపు పొద్దున్నే మీ ఇంటికి వస్తున్నారు, పథకం చూడ్డానికి. మీ సందు ఎండిపోయిందట కదా?”

“అవును సార్” అన్నాడు ఆపరేటరు, నవ్వుతూ.

“ఆర్డరులో రెండో పేరా చదువు” అన్నారు సెక్రటరీగారు, నవ్వకుండా.

ఆపరేటరు చదివాడు. ధార ఆగిన రోజున ఉద్యోగమూ ఆగుతుందని ఉంది. ఒకసారి కాదు, బస్సులో ఇంటికి వచ్చేదాకా చదువుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చి చొక్కా విప్పాడు. బకెట్టు తీసుకుని వీధి చివరి మ్యాన్‌హోలు దాకా వెళ్ళి, అడుగున మిగిలింది తోడుకుని వచ్చాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

“పర్మనెంటు అయింది” అన్నాడు.

“బకెట్టులో ఏంటని అడుగుతున్నా.”

ఆపరేటరు ఆవిడ మొహం చూడలేదు. పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్ళాడు.

“కాళ్ళు పైకి పెట్టుకో తల్లీ” అన్నాడు పాపతో.