పేడగుంత పరువు

ఆ పొద్దున ఎంటిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. జిల్లా నుంచి నీళ్ల అధికారి సుతిస్నా వస్తాడు, పరీక్షకు వాగులో ఒక సీసా నీళ్లు పట్టుకుంటాడు, వెళ్లిపోతాడు. ఎంటిన్ పశుసంవర్ధక శాఖ ఉద్యోగిని. బాందుంగ్ నగరానికి పైన ఆ కొండవాలులోని పాడిరైతులకు పేడ వాగులోకి కడగొద్దని, గుంతలో వేయమని రెండేళ్లుగా గొంతు చించుకుంటోంది. ఊరందరికీ కలిపి ఒక్క గుంత తవ్వించగలిగింది. నీళ్లు తేటపడ్డాయని తేలితే ఇంటింటికీ ఒక గుంత వస్తుంది. లేకపోతే ఉన్న పథకమూ మూతపడుతుంది.

"రేపు పెద్దాయన వస్తున్నాడు, ఊరు కాస్త చూసుకోండి" అని ముందురోజు, అందరూ పాక్, అంటే అయ్యా, అని పిలిచే ఊరిపెద్ద ఉజుతో అనడం ఆమె చేసిన పొరపాటు. అతిథి వస్తున్నాడంటే ఆ ఊళ్లో తెల్లారేసరికి ఇంటికొకరు చీపురు పట్టుకుని వీధిలోకి దిగాల్సిందే. దిగనివాడు ఏడాదంతా మాట పడాలి.

ఎంటిన్ స్కూటర్ దిగేసరికి ఆవులు మిలమిలలాడుతున్నాయి. గుంత అంతకన్నా మిలమిలలాడుతోంది.

"ఇందులో పేడ ఏది, పాక్ ఉజు?"

"అంత దూరం నుంచి పెద్దమనిషి వస్తుంటే ఎదురుగా పేడ పెడతామా, బు ఎంటిన్? పరువు పోదూ! అంతా వాగులోకి తోసేసి, సబ్బేసి కడిగాం."

వాగు చిక్కటి కాఫీలా పారుతోంది. ఎంటిన్ గబగబా గడియారం చూసుకుంది.

"ఎందుకంత గాభరా? వాగన్నాక పారుతుంది. తేటపడేదాకా ఆయన్ని మేపుదాం" అన్నాడు ఉజు.

సుతిస్నా కారు దిగగానే మొదటింట్లో ఉడకబెట్టిన కర్రపెండలం పెట్టారు. పక్కింట్లో అన్నం, ఎండుచేప, మిరపపచ్చడి. తినకుండా కదిలితే ఇంటివాళ్లను అవమానించినట్టే కాబట్టి ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు. ఇంత తెలివైన ఏర్పాటులో లోపం ఒక్కటే. మన వైపు రాడులే అని ఊరుకున్న పై వీధికి, అతిథి ఇంటింటికీ వస్తున్నాడన్న కబురు పాకింది. ఇక ఆయన ఇక్కడ ఒక ముద్ద మింగితే అక్కడ ఒక కొట్టం కడిగారు. వాగు మరింత చిక్కబడింది.

"ఇంక చాలమ్మా, ఊపిరాడట్లేదు. వాగు దగ్గరికి పోదాం" అంటూ నాలుగో ఇంట్లో సుతిస్నా లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు.

"మీరెందుకు దిగడం? ఒకటే జారుడు. ఆ సీసా ఇటివ్వండి" అని ఆ ఇంటావిడ కోకోమ్ సీసా అందుకుని వంటింట్లోకి నడిచింది. ఎంటిన్ వెనకే పరిగెత్తింది.

"అతిథి చేతికి ఆ మురుగు ఇస్తామా? సిగ్గుండక్కర్లా?" అని గొణుగుతూ కోకోమ్ కొనుక్కున్న మంచినీళ్ల డబ్బాను సీసాలోకి వంచింది. ఎంటిన్ నోరు తెరిచింది. ఇంటింటికీ గుంత గుర్తొచ్చి మళ్లీ మూసుకుంది.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. జిల్లా మొత్తం మీద ఇంత స్వచ్ఛమైన వాగు లేదట. ఇలాంటి ఊరికి గుంతలు దండగ కాబట్టి ఆ సొమ్మును వేరే ఊరికి మళ్లించారు. ఈ ఘనత ఎలా సాధించారో అక్కడి రైతులకు నేర్పమని ఎంటిన్‌ను కూడా బదిలీ చేశారు.

ఎంటిన్ వాగు గట్టున కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. రెండేళ్ల కష్టం కాఫీ రంగులో ఆమె కళ్ల ముందే పోతోంది. ఉజుకు జాలేసి పక్కన కూర్చున్నాడు.

"ఊరుకోండి, బు ఎంటిన్. పరీక్ష తప్పినవాళ్లు కూడా ఇంతగా ఏడవరు."