గీత దాకా నిండిన గొట్టం

ఆ ఉదయం వాచీల మెకానిక్ పెట్టుకున్న పని చిన్నదే. జన్యుపరీక్షల కంపెనీ పంపిన ప్లాస్టిక్ గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపి, కొరియర్‌కిచ్చి, కాఫీ తాగి దుకాణం తెరవాలి. అతని తండ్రికి అరవై దాటకుండానే మతి పోయింది. చివరి రోజుల్లో కన్నకొడుకులనే "మీరెవరండీ?" అని అడిగేవాడు. ఆ జబ్బు తనకూ దిగిందో లేదో ఈ పరీక్షతో తేలిపోతుందని మెకానిక్ ఆశ. తీరా కూర్చునేసరికి భయంతో నోరెండిపోయింది. గంటసేపు కుస్తీ పట్టినా గొట్టం సగం కూడా నిండలేదు.

"ఇలా ఇవ్వన్నయ్యా," అన్నాడు దుకాణంలో చేదోడుగా ఉండే తమ్ముడు. "ఒక్క తండ్రి బిడ్డలం, ఒకటే రక్తం. నాది కాస్త కలిపితే ఏం పోయింది?" అంటూ చిటికెలో గీత దాకా నింపేశాడు.

నెల తరువాత రిపోర్టు వచ్చింది. కళ్ళ రంగు, జుట్టు తీరు, పాలు అరుగుతాయా లేదా, అన్నీ రాశారు. మతిమరుపు జబ్బుకు ఎదురుగా మాత్రం ఖాళీ.

"చెప్పలేక వదిలేశారు వదినా," తమ్ముడు గొంతు తగ్గించాడు. "అంత చెడ్డ కబురు మొహమ్మీద ఎవరు చెప్తారు?"

మెకానిక్ భార్య ఏడుపు లంకించుకుంది. ఆ పూట నుంచే మొగుణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మర్నాడు అతని చొక్కా జేబులో ఇంటి చిరునామా రాసి పెట్టింది. కబురు వీధంతా పొక్కింది. బాగుచేయమని ఇచ్చిన వాచీలను జనం వెనక్కి పట్టుకుపోయారు, అదీ "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టి మరీ. దుకాణం తాళాలు తమ్ముడి చేతికి వెళ్ళాయి. నిజానికి మెకానిక్ ఇంతవరకూ ఏదీ మరిచిపోలేదు. తండ్రి చివరి రోజులు మరీ స్పష్టంగా గుర్తున్నాయి, అదే అతన్ని కుంగదీసింది.

అన్న దిగులు చూడలేక తమ్ముడే కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఆ గొట్టంలో ఇద్దరి ఉమ్మి ఉందండీ," అంది అవతలి అమ్మాయి. "ఇద్దరివీ ఒకేలా ఉన్నచోట ఫలితం వచ్చింది. తేడా ఉన్నచోట మెషీన్ తేల్చుకోలేక ఖాళీ వదిలేసింది."

"అంటే, మా అన్నయ్యకి..."

"ఆ ఇద్దరిలో ఒకరికి ఉండి, ఒకరికి లేదనుకోవాలండీ. ఎవరికన్నది మాత్రం చెప్పలేం. ఉచితంగా ఇంకో గొట్టం పంపిస్తాం."

తమ్ముడు తాళాలు నెమ్మదిగా బల్లమీద పెట్టి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

కొత్త గొట్టం వచ్చి మూడు వారాలైంది.

"ముందు నువ్వు కానియ్యన్నయ్యా."

"లేదురా, చిన్నవాడివి, ముందు నువ్వే."

ఆ అన్నదమ్ములు ఒకరికొకరు ఇంత మర్యాద ఇచ్చుకోవడం పుట్టాక ఇదే మొదటిసారి.