గంజి పెట్టిన ఛార్జర్

మంగళవారం పొద్దున ఏడున్నరకు ధాత్రి తిరుత్తణి బస్సు ఎక్కింది. "మురుగన్‌కు దండం పెట్టుకోని వస్తా నాయనా" అని చెప్పి మరీ వెళ్ళింది. పదకొండు గంటలకు ఆమెకు ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ ఉంది. చెన్నైలో పేరున్న బట్టల కంపెనీ, డిజైన్లు గీసే ఉద్యోగం, ఇది ఆఖరి రౌండు. ఈ సంగతి పళ్ళిపట్టులో వాళ్ళ వీధి మొత్తానికీ తెలుసు. ఇంటింటికీ తిరిగి చెప్పినవాడు ఆమె తండ్రి వెంకటమునే.

వెంకటముని ముప్పై అయిదేళ్ళు మగ్గం నేసిన మనిషి. ఆయన చేతికి ఊళ్ళో పెద్ద పేరు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు పోగుల్ని దాని చివర్లకు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్ళకు కాస్త విబూది అద్దుకుని ఆయన పోగును పురిపెట్టి అతికాడంటే, ఆ అతుకు ఎక్కడుందో మళ్ళీ ఆయనకే దొరికేది కాదు. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించి మగ్గం దిగిపోయాడు. అప్పటినుంచి ఆ చేతులకు పని లేదు. పని లేని చేతులు ఇంట్లో దేన్ని వదిలిపెడతాయి చెప్పండి? మిక్సీ అయింది, గోడ గడియారం అయింది, పోయిన వారం కూతురి ల్యాప్‌టాప్ ఛార్జర్ దగ్గరికి వచ్చాయి.

ఛార్జర్ తీగ పిన్ను మెడ దగ్గర చీలింది. కాస్త కదిలితే చాలు, ఛార్జింగు ఆగిపోయేది. వెంకటముని ఆ చోట ఎర్ర నూలు పొందిగ్గా, వరస తప్పకుండా చుట్టాడు. "సూపర్‌గా ఉండాది నాయనా! చెన్నైకి పోయినా ఇదే ఛార్జర్" అంది ధాత్రి. ఆ ఒక్క మాటకు ఆయన వారం రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

ఆ పొద్దున కూతురు వెళ్ళాక ల్యాప్‌టాప్ మీద దుమ్ము తుడుద్దామని వెళ్ళి చూస్తే, ఎర్ర నూలు కింద మగ్గం మీద అడ్డపోగు నడిపే పాత నాడె ఒకటి ఆనించి ఉంది. నాడె తీశాడు, ఛార్జింగు దీపం ఆరిపోయింది. పెట్టాడు, వెలిగింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు. తన కట్టు పనిచేయలేదనీ, తన మగ్గం నాడెనే కర్రసాయంగా పెట్టుకుని పిల్ల వారం రోజులుగా నెట్టుకొస్తోందనీ అర్థమయ్యేసరికి ఆయనకు సిగ్గు ముంచుకొచ్చింది.

"తులసీ, ఇది చూసినావా? నేను చుట్టింది ఉత్తదే. పాప నాతో ఒక మాట కూడా అన్లేదు."

"నీ మనసు నొచ్చుకుంటాదని అన్లేదు. ఇంక నువ్వు దాన్ని ముట్టుకోవద్దు" అంది వంటింట్లోంచి తులసమ్మ.

"ఇంటర్వ్యూ మద్దెలో ఆగిపోతే పాప గతేంది? ఇంకా మూడు గంటలు టైముండాది. సీక్కిరం చేసేస్తా."

ముప్పై ఏళ్ళ సంసారంలో తులసమ్మ వద్దన్న పనిని ఆయన మానుకున్నది ఒక్కసారీ లేదు. ప్లగ్గు పీకి, చీలిన చోట తీగను కత్తిరించి, తొక్క ఒలిచాడు. లోపల సన్నటి రాగి పోగులు, వాటి నడుమ తెల్ల తొక్కతో ఇంకో బుల్లి తీగ. బయటి పోగులూ లోపలి తీగా ఒకదాన్నొకటి తాకకూడదని కరెంటు పని తెలిసినవాళ్ళకు తెలుసు. వెంకటమునికి తెలిసింది నూలు. పోగు విడిగా వేలాడుతుంటే నేతగాడి చెయ్యి ఊరుకోదు. విబూది అద్దుకుని, లోపలిదీ బయటిదీ అన్నీ కలిపి ఒకే పురిలో బిగించేశాడు. ఒక్క పోగు బయట మిగల్లేదు. అది ఎలాగూ పనిచేసేది కాదు, కానీ వ్యవహారం అంతదాకా రానే లేదు.

అతికిన తరవాత గంజి పెట్టాలి కదా! గంజి పెడితే పోగు బిర్రుగా నిలబడుతుంది, ఇంక నాడె ఆనించే పని ఉండదు. తులసమ్మ వంచిన గంజి గిన్నెడు తెచ్చి అతుక్కు దిట్టంగా పట్టించాడు. సరిపోదేమోనని తీగ పొడుగునా కూడా పట్టించాడు. దాన్ని మగ్గం దూలానికి వేలాడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఫ్యాను వైరు అందక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి తీగ కిందే పెట్టాడు. ఆరిందా లేదా అని గంటన్నర సేపు అక్కడే నిలబడి చూశాడు. ఆరలేదని ఇంకో పూత కూడా వేశాడు. ఆ గంజి తీగ వెంట జారి, చుక్కా చుక్కా ఎక్స్‌టెన్షన్ బాక్సు కన్నాల్లోకి దిగుతున్నది ఆయన చూడలేదు.

పదకొండుకు పది నిమిషాలుండగా ఢామ్మని పేలింది. నీలిమంట ఒకటి లేచి ఆరిపోయింది. వెంకటముని అదిరిపడి వెనక్కి అడుగేశాడు. వెనకున్నది నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంట. చేతిలోని గంజి గిన్నెతో సహా అందులో కూలబడ్డాడు. ముఖమంతా గంజి, దాని మీద విబూది.

బయట స్తంభం మీద ఫ్యూజు కూడా ఎగిరిపోయింది. వీధిలో పవర్‌లూములన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాటిలో రెండు పక్కింటి గోవిందస్వామివి. ఆయన తులసమ్మకు సొంత తమ్ముడు. తగాదా పెట్టుకుందామనే బయల్దేరి వచ్చాడు కానీ, గుమ్మంలో అక్క కేక విని ఆగిపోయాడు.

"అయ్యయ్యో గోవిందూ! మీ బావకు షాకు కొట్టేసినాదిరా!"

"అక్కా, చేత్తో పట్టుకోవద్దు! కట్టె యాడుండాది?"

మగ్గానికి ఆనించిన కట్టె తీసుకుని బావ భుజం మీద రెండు వేశాడు. కరెంటు మనిషిని వదలాలంటే కట్టెతో కొట్టాలని ఆయన ఎక్కడో విన్నాడు. కరెంటు అప్పటికే వీధి మొత్తాన్నీ వదిలేసి పోయింది. అయినా గోవిందస్వామి నమ్మకం కోసం మూడోది కూడా వేశాడు.

"రేయ్, కొట్టొద్దురా! నాకేం కాలే!"

"షాకు కొట్టినోళ్ళంతా ఇట్లనే అంటారు బావా. నువ్వు మాట్లాడొద్దు, ఉండే బలం కూడా పోతాది."

పరుగెత్తుకొచ్చిన వీధివాళ్ళు నలుగురు కలిసి ఆయన్ను పైకి లాగి చాప మీద పడుకోబెట్టారు. ఒకామె అరికాళ్ళు రుద్దుతోంది, ఒకామె విసురుతోంది. ముఖం తుడవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. గోవిందస్వామి చుట్టాల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మన వెంకటముని బావకు పెద్ద షాకు కొట్టినాది. మగ్గం గుంటలో పడిపోయినాడు. ముఖమంతా తెల్లగా పాలిపోయినాది. అందరూ రండి." ఆ తరవాత ఆయన ఫోన్ మోగడం ఆగలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ ముఖం ఎంత తెల్లగా ఉందో మొదటినుంచి చెప్పాడు.

"పాప వచ్చేస్తాది, నన్ను లేవనీండి. ఆ తీగ చూడాల" అని వెంకటముని బతిమాలాడు.

"పాపం, కూతుర్నే తలుచుకుంటా ఉండాడు" అని కాళ్ళు రుద్దే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదకొండు కొట్టింది. ధాత్రి రాలేదు. తన నిర్వాకం పిల్ల ఇంకా చూడలేదు కదా అని మొదట ఆయనకు కాస్త ఊపిరి ఆడింది. ఇంటర్వ్యూ టైము దాటిపోతుంటే ఊపిరి ఆడటమేమిటని వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. వచ్చి మాత్రం ఏం చేస్తుంది? కరెంటు లేదు, ఛార్జర్ లేదు. ఉద్యోగం కోసం పిల్ల పడిన రెండేళ్ళ కష్టాన్ని గిన్నెడు గంజిలో ముంచేశానే అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడని చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

పన్నెండు దాటాక గుమ్మం ముందు స్కూటీ ఆగింది. నడిపింది తిరుత్తణిలో ఉండే ఆయన చెల్లెలి కూతురు మనస్వి. వెనకనుంచి ధాత్రి దూకి, జనాన్ని తోసుకుంటూ వచ్చి తండ్రి మీద పడింది. ఏడుస్తూ ఆయన ముఖం తుడిచింది. తుడిచిన చేతిని ఒకసారి చూసుకుంది, వాసన చూసింది.

"ఇదేంది నాయనా? గంజి!"

"అవునమ్మా. ఛార్జర్‌కు పెట్టినా."

కాళ్ళు రుద్దే ఆమె రుద్దడం ఆపేసింది. గోవిందస్వామి కట్టెను మెల్లగా తలుపు వెనక్కి చేర్చాడు.

"బస్సు దొరకలేదా పాపా? ఇంటర్వ్యూ ఏమైనాది?" అని లేచి కూర్చున్నాడు వెంకటముని.

ధాత్రి బదులు మనస్వి చెప్పింది. "ఇంటర్వ్యూ మా ఇంట్లోనే మామా, నా ల్యాప్‌టాప్‌లో. వదిన పది నిమిషాలు ఎంత బాగా మాట్లాడినాదో! అప్పుడే గ్రూపులో మెసేజ్ చూసినా. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎంగేజ్. ఇంక తాళలేక నేనే తలుపు తీసి చెప్పేసినా. వాళ్ళకు ఒక్క మాట కూడా చెప్పకుండా లేచి వచ్చేసినాది."

"గుడికని కదా పోయినావు?"

"గుడికి కూడా పోయినా నాయనా. నువ్వు చుట్టిన ఛార్జర్ మీద నమ్మకం లేదని నీతో ఎట్ల చెప్పేది?"

బ్యాగులోంచి ఒక అట్టపెట్టె తీసి ఆయన చేతికిచ్చింది. కొత్త ఛార్జర్. "బస్సు దిగంగానే కొన్నా. నువ్వు చుట్టిన ఎర్ర నూలు విప్పి, దీనికి కూడా అట్లే చుట్టేద్దామనుకున్నా. అదే ఛార్జర్ అనుకునేవాడివి."

వెంకటముని ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. నూలు చుట్టింది తన చెయ్యా, కూతురి చెయ్యా అన్నది ఆయనకు చూడగానే తెలిసిపోయేది. తెలిసినా తెలియనట్టే ఉండేవాడు. ఇద్దరూ ఎంత సుఖంగా ఉండేవాళ్ళో!

ధాత్రి జరిగింది రాసి కంపెనీకి క్షమాపణ చెప్పుకుంది. సాయంత్రం జవాబు వచ్చింది. తండ్రిగారు క్షేమమని తెలిసి సంతోషమనీ, ఉద్యోగం వేరొకరికి ఇచ్చేశామనీ రాశారు.

"నా చేతులు ఊరికే ఉండింటే నీకు ఈ పొద్దు ఉద్యోగం వచ్చేసుండేది. తప్పు చేసినానమ్మా" అన్నాడు వెంకటముని.

"ఇంకోటి వస్తాదిలే నాయనా" అంది ధాత్రి. అని, గంజికి కట్టెలా బిగిసిన పాత తీగ నుంచి ఎర్ర నూలు విప్పి, కొత్త ఛార్జర్‌తో పాటు ఆయన ముందు పెట్టింది. ఆయన ఏమీ అతకకుండా, ఏమీ తడపకుండా, దాన్ని పిన్ను మెడకు వరసగా చుట్టి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏ వస్తువు చెడినా, రిపేరుకు ఇచ్చేముందు వెంకటమునిని తిరుత్తణి కొండకు పంపిస్తారు. ఈ మధ్య ఆయనకు భక్తి బాగా ముదిరిందని వీధిలో చెప్పుకుంటున్నారు.